కంఠమునకును కర్ణమునకును నడుమ

ఇంట నొక గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుండి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, ముందుగా రికార్డు చేసి యుంచిన మృదంగముపై తన గానమును చేర్పబూనిన గాయకునకు తఱచుగా నెదురగు మొదటి విఘ్నము, తాను పాడిన స్వరము తన చెవికి రవంత యాలస్యముగా వినవచ్చుట. ఆ యాలస్యము సెకనులో ఇరువదవ వంతు మాత్రమే యైనను, తాళమునందు దృఢమైన అభ్యాసము కలవాడు సైతము దానిచే కలత జెంది, యంత్రము వెనుకబడుచున్నదో తానే ముందునకు పోవుచున్నాడో నిర్ణయింపలేక, పల్లవిని మఱల మఱల ఎత్తుకొనుచుండును. ఈ దోషము కంప్యూటరుతో పుట్టినది కాదు. ఇంటిలో సంగీతము రికార్డు చేయు విద్యకు డెబ్బదియైదేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ విద్యను చేపట్టినవారు నాటనుండియు కాలముతోడనే పెనగులాడుచు వచ్చిరి. వారెట్లు పెనగులాడిరో తెలిసికొన్నవానికి నేటి చికిత్సలోని మర్మము బోధపడును. తెలియనివానికి అది మీటలు నొక్కి చూచెడి అదృష్టపరీక్షగా మిగులును.

గ్రామఫోను తొలినాళ్లలో ఈ చిక్కు లేదు, ఏలయన దిద్దుబాటే లేదు. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు ఆమె కంఠము కొమ్ముగొట్టము ద్వారా తిన్నగా మైనపు పలకపై గాడియై నిలిచెను. తప్పు దొరలినచో మఱియొక పలక పెట్టి మొదటినుండి పాడవలసినదే. మార్పు అయస్కాంతపు టేపుతో వచ్చినది. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనమున ఏ.ఇ.జి. సంస్థవారు చూపిన మాగ్నెటోఫోను, యుద్ధానంతరము జాక్ మలిన్ అను సైనిక ఇంజనీరు చేతులమీదుగా అమెరికా చేరి, గాయకుడు బింగ్ క్రాస్బీ ఆదరమువలన రేడియోలో నిలదొక్కుకొనెను. దాని ననుసరించి యాంపెక్స్ సంస్థ నిర్మించిన యంత్రములు 1948 నుండి స్టూడియోలలో ప్రవేశించెను.

టేపుతో ధ్వనిని కోసి అతుకుట సాధ్యమైనది. లోహపు దిమ్మెలోని గాడిలో టేపును పఱచి, కోయవలసిన అక్షరమును చేతితో చక్రములను అటునిటు త్రిప్పుచు వెదకి పట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోయుట ఆనాటి కూర్పరుల నేర్పు. నిటారుగా కోసినచో అతుకు దగ్గఱ టిక్కుమను చప్పుడు పుట్టును. ఏటవాలు కోతలో ఒక ధ్వని తగ్గుచుండగా రెండవది పెరుగుచు వచ్చుటచే ఆ సంధి చెవికి చిక్కదు. నేడు రెండు ముక్కల నడుమ టిక్కు వినవచ్చినప్పుడు సాఫ్ట్‌వేరులో వేయు క్రాస్‌ఫేడు ఈ ఏటవాలు కోతకు సాక్షాత్తు సంతానము.

ఇక ఇంటి రికార్డింగునకు ఆదిపురుషుడని చెప్పదగినవాడు గిటారు విద్వాంసుడు లెస్ పాల్. ఆయన క్రాస్బీ కానుకగా నిచ్చిన యాంపెక్స్ యంత్రమునకు అదనముగా నొక శిరస్సును, అనగా టేపును చదివెడి హెడ్డును, చెఱిపెడి హెడ్డునకు ముందు బిగించి, పాత ధ్వనిని వినుచు దానిపై క్రొత్త వాద్యమును వాయించి రెంటిని కలిపి మఱల టేపుపై నెక్కించెడి ఉపాయమును కనిపెట్టెను. కాని ఈ పద్ధతిలో వెనుకకు పోవు దారి లేదు. ఏడవ పొరలో వ్రేలు జాఱినచో ముందటి ఆఱు పొరలును నశించినట్లే. పొరలను వేర్వేరు ట్రాకులుగా నిలుపవలెనను కోరికనుండి యాంపెక్స్ వారి ఎనిమిది ట్రాకుల యంత్రము పుట్టి, 1957లో ఆయన ఇల్లు చేరినది. అక్కడనే మన ఆలస్యము మొదటిసారి స్పష్టరూపము దాల్చెను. టేపుయంత్రములో వ్రాసెడి హెడ్డు ముందును, చదివెడి హెడ్డు వెనుకను ఉండును. రెంటికిని నడుమ రెండంగుళముల యెడమున్నదనుకొన్నచో, సెకనుకు 15 అంగుళములు నడచు టేపు ఆ దూరమును దాటుటకు సెకనులో ఎనిమిదవ వంతునకు రవంత పైగా పట్టును. పాత ట్రాకును వెనుక హెడ్డుతో వినుచు పాడినవాని గానము టేపుపై అంత వెనుకబడి పడును. దీనికి యాంపెక్స్ వారు చేసిన ప్రతీకారము సెల్‌సింక్ అను ఏర్పాటు: వినవలసిన ట్రాకునకు వ్రాసెడి హెడ్డునే తాత్కాలికముగా చదివెడిదిగా మార్చుట. ఆ వినికిడిలో నాద స్ఫుటత్వము కొంత తగ్గెడిది. అయినను కాలము సరిపోయెడిది. నాదసౌందర్యమును కొంత విడిచి కాలమును కాపాడుకొనిన ఆ నిర్ణయము ఈ విద్య చరిత్రలో మిక్కిలి వివేకవంతమైనదని నా అభిప్రాయము.

స్టూడియోలలో ఇట్టి భారములను మోయుటకు వేరుగా మనుష్యులుండిరి. హెడ్డులను సారాతో తుడుచుట, వానికి పట్టిన అయస్కాంతత్వమును పోగొట్టుట, కోణములు సరిచూచుట వారి నిత్యకృత్యము; పాడువాడు పాడి వెళ్లిపోవుచుండెను. 1979లో టియాక్ సంస్థవారి పోర్టాస్టూడియో, సాధారణ క్యాసెట్టుపై నాలుగు ట్రాకులు నిలుపగలిగి, ఆ విద్యను పడకగదికి తెచ్చినది గాని ఆ మనుష్యులను తేలేదు. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని తన ఇంట దానిపై పాడుకొన్న పాటలే తరువాత 'నెబ్రాస్కా' యను ఆల్బముగా వెలువడినవి. ఆ క్యాసెట్టు ధ్వనిని గ్రామఫోను పలక కెక్కించుటకు ఇంజనీర్లు పడిన పాట్లు మాత్రము సామాన్యములు కావు.

కంప్యూటరు రంగము మీదికి వచ్చినప్పుడు మొదట ధ్వనిని మోయలేదు. 1989లో అటారీ యంత్రముపై వెలువడిన క్యూబేస్ అను సాఫ్ట్‌వేరు, ఏ స్వరము ఎప్పుడు పలుకవలెనో తెలిపెడి మిడి ఆజ్ఞలను మాత్రము వాద్యములకు పంపుచుండెను. 1991 నాటి ప్రోటూల్స్ ధ్వనినే పట్టి దిద్దెను గాని, అది తన గణితమునకు ప్రత్యేకమైన కార్డులు కోరుటచే సామాన్యుల కందలేదు. 1996లో స్టైన్‌బర్గ్ సంస్థ ఆ కార్డులు లేకయే కంప్యూటరు ప్రాసెసరుతో రివర్బు మొదలగు సంస్కారములన్నియు చేయించు పద్ధతిని ప్రవేశపెట్టగా, విద్య చౌక యయ్యెను. దానితో ఆలస్యమును మఱల తలయెత్తెను. ఏలయన, పలు పనుల నడుమ మనస్సును పంచుకొను కంప్యూటరు ధ్వనిని బొట్టుబొట్టుగా గాక, ఏతపు బానతో నీరు తోడినట్లు, బఫరు నిండిన కొలది తోడిపోయును. సెకనుకు 44,100 నమూనాల (శాంపిళ్ల) లెక్కన 1,024 నమూనాల బఫరు నిండుటకు 23 మిల్లీసెకన్లు పట్టును. లోనికి నొకసారి, వెలికి నొకసారి, వెరసి 46. గాలిలో ధ్వని ఆ కాలమున సుమారు 16 మీటర్లు నడచును. తన కంఠమును అంత దూరమునుండి వినుచు పాడువాడు తడబడక యేమి చేయును? విండోస్‌లోని సామాన్యపు ధ్వనిమార్గమును తప్పించి పోవుటకు 1997లో అదే సంస్థ ఏర్పఱచిన ఆసియో డ్రైవరు నేటికిని మొదటి మందు.

బఫరును 128కో 64కో తగ్గించినచో ఆలస్యము తగ్గును గాని, ప్రాసెసరు గడువులోపల బాన నింపలేనప్పుడు చిటపట ధ్వనులు పుట్టును. ల్యాప్‌టాప్‌లో ఈ చిటపటలకు కారణము తఱచుగా సంగీతపు సాఫ్ట్‌వేరు కాదు; బ్యాటరీని పొదుపు చేయుటకై ప్రాసెసరు వేగము తగ్గించెడి ఏర్పాటో, వైఫై డ్రైవరో అయి యుండును. అందువలన పాడునప్పుడు వైఫై ఆపి, విద్యుత్తును పూర్ణవేగమునకు మార్చి, రివర్బు వంటి సంస్కారముల ప్లగిన్లు తీసివేసి చిన్న బఫరుతోను, పాట ముగిసి మిక్సింగు చేయునప్పుడు పెద్ద బఫరుతోను పని సాగింపవలెను. అంతకును కుదరనిచో, మైకును కంప్యూటరుతో కలిపెడి ఇంటర్‌ఫేసుపై నుండు డైరెక్ట్ మానిటర్ మీటను త్రిప్పినంత, కంఠము కంప్యూటరులోనికి పోకుండగనే చెవి చేరును. రివర్బు వినబడదు గాని తాళము నిలుచును.

మఱియొక వ్యాధి శ్రుతికి సంబంధించినది. తొలి డిజిటల్ రికార్డింగులను వీడియో టేపుపై నిలుపుటచే, క్షేత్రమునకు (ఫీల్డునకు) 245 గీతలు, గీతకు 3 నమూనాలు, సెకనుకు 60 క్షేత్రములు చొప్పున 44,100 అను సంఖ్య స్థిరపడి, సీడీకి సంక్రమించెను. వీడియో వృత్తిలో 48,000 రూఢి యయ్యెను. 48,000తో పట్టిన పాటను ల్యాప్‌టాప్ 44,100గా భ్రమించి పలికించినచో శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానము దిగజాఱును. 10 నిమిషముల కృతి మఱి 53 సెకన్లు అధికముగా సాగును. ఒకటిన్నర శ్రుతిలో పాడిన గాయని గొంతు ఒకటి శ్రుతికంటెను క్రిందికి పోయి బరువెక్కినట్లు తోచినప్పుడు, ఆమెను మఱల పాడుమనుటకు ముందు ఆ రెండంకెలను సరిచూడవలెను.

చివర చెప్పవలసినది ఫైళ్ల సంగతి. టేపు కోసినవాని చేతిలో ధ్వనియే యుండెను. నేటి ప్రాజెక్టు ఫైలులో ఎక్కడ కోయవలెనో, ఎక్కడ అతుకవలెనో యను ఆజ్ఞలు మాత్రమే యుండి, ధ్వని వేఱొక ఫోల్డరులో నుండును. ఒక ఫైలును మాత్రము మిత్రునకు పంపి, ట్రాకులన్నియు శూన్యమైనవని వగచువారికి ఫోల్డరు మొత్తము పంపుటయే పరిహారము. ప్రాజెక్టు ఫైలును తెఱచుటకు దానిని వ్రాసిన సాఫ్ట్‌వేరే కావలెను. 1991లో ఏర్పడిన సాదా వేవ్ ఫైలు మాత్రము నేడు ఏ యంత్రమున నైనను పలుకును. కావున పాట పూర్తియైన వెంటనే ప్రతి ట్రాకును ఆరంభమునుండి సమముగా నొక్కొక్క వేవ్ ఫైలుగా వెలికి తీసి, శ్రుతి, లయ, నమూనాల సంఖ్య పేరులోనే వ్రాసి, రెండు చోట్ల దాచి యుంచవలెను.