ఈరోజు టీవీలో ఏముంది?

చందనోత్సవం నాడు మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. సింహాచలం అప్పన్న ఏడాదికి ఒక్కసారి, అక్షయ తదియ నాడు, చందనం వలిపించుకుని నిజరూపంతో దర్శనమిచ్చే రోజు అది. మోకాళ్లు అరిగాక మా అత్తయ్యగారు కొండకి వెళ్లడం మానేశారు. టీవీలో కొండమీది సందడి చూసి ఇక్కడినుంచే దణ్ణం పెట్టుకుంటారు. ముందురోజు రాత్రే నాతో అన్నారు, "పొద్దున్న ఎన్నింటికి చూపిస్తారో చూసి చెప్పమ్మా" అని.

రిమోట్‌లో గైడ్ బటన్ నొక్కాను. ఆవిడ చూసే ఛానల్ ఎదురుగా తెల్లవారుజాము నుంచి తొమ్మిది దాకా ఏదో పాత ప్రవచనం పేరుంది. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో, సగం తెగిపోయి. సరే, తొమ్మిది తర్వాత కాబోలు అనుకుని అదే చెప్పాను. మర్నాడు తొమ్మిదికి టీవీ పెడితే ప్రత్యక్ష ప్రసారం అప్పుడే ముగిసింది. గైడ్‌లో మాత్రం ఇంకా ప్రవచనమే నడుస్తోంది!

ఆవిడ నన్నేమీ అనలేదు. "పేపర్లో వేసుంటే నేనే చూసుకుందును కదా" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. ఆ మాట నాలుగు రోజులు నన్ను వదల్లేదు. నిజమే, ఒకప్పుడు ఆవిడే చూసుకునేవారు. ఎప్పటినుంచి నన్ను అడగాల్సి వచ్చింది?

మా ఇల్లు పూర్ణా మార్కెట్ వెనక సందులో. కింద దుకాణం, పైన కాపురం. అత్తయ్యగారు పెళ్లయి ఈ ఇంటికొచ్చేసరికి విశాఖ రేడియో స్టేషన్ ఇంకా కొత్త, 1963లో మొదలైంది. మామయ్యగారికి రేడియో పిచ్చి. పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకుని మరీ సెట్ పెట్టించారట. దాంతోపాటు ఇంటికి 'వాణి' వచ్చేది. ఆకాశవాణి వాళ్లు తెలుగులో వేసిన కార్యక్రమాల పత్రిక అది. ఏ స్టేషన్లో ఏ రోజు ఏ గంటకి ఎవరి పాట, ఏ నాటకం, స్త్రీల కార్యక్రమం ఎప్పుడు, అన్నీ అందులో ఉండేవి. అత్తయ్యగారు చదివింది అయిదో తరగతి. అయినా 'వాణి' వచ్చిన రోజున పెన్సిల్ పట్టుకుని కావలసిన వాటికి గుర్తులు పెట్టుకునేవారట. నాటకం ఉన్న రాత్రి వంట తొందరగా ముగించేయడం, మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం ఉంటే పప్పులు బాగుచేసే పని ఆ టైముకి పెట్టుకోవడం, ఇదంతా ఆ గుర్తులను బట్టే. రోజు ఎలా గడవాలో ఆవిడే నిర్ణయించుకునేవారు. ఈ మాట ఆవిడ అనలేదు, నేనంటున్నాను.

ఇలాంటి పత్రికలకి పెద్ద చరిత్రే ఉంది. లండన్‌లో బీబీసీ మొదలైన కొత్తలో, డబ్బివ్వకపోతే రేడియో కార్యక్రమాల జాబితా వెయ్యం అని పేపర్ల యజమానులు మొండికేశారు. అయితే మేమే వేసుకుంటాం అని బీబీసీ 1923లో 'రేడియో టైమ్స్' పెట్టింది. మన దేశంలో 1935లో 'ఇండియన్ లిజనర్' వచ్చింది, ఇంగ్లీషులో. అక్కడితో ఆగితే మా అత్తయ్యగారి కథ ఉండేదే కాదు. బెంగాలీలో 'బేతార్ జగత్', తమిళంలో 'వానొలి', తెలుగులో 'వాణి', ఇలా ఎవరి భాషలో వాళ్లకి పత్రికలు పెట్టారు. వినేవాళ్లు చదివే భాషలోనే జాబితా ఉండాలన్న సంగతి ఆ రోజుల్లోనే తెలుసన్నమాట.

దూరదర్శన్ కాలంలో అసలు జాబితాతోనే పనిలేదు. ఉన్నదే ఒక్క ఛానల్. వారమే గైడు. శుక్రవారం అంటే చిత్రలహరి. 1987 జనవరి 25 నుంచి ఆదివారం అంటే పొద్దున్న తొమ్మిదిన్నరకి రామాయణం. 1988 అక్టోబరు 2 నుంచి మహాభారతం. ఆ గంటలో మార్కెట్లో బేరం ఆగిపోయేదని మామయ్యగారు చెప్పేవారు. అవి హిందీలో ఉండేవి. మా ఇంట్లో ఒక్కరికీ హిందీ రాదు, కథ మాత్రం అందరికీ వచ్చు.

తర్వాత కేబుల్. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. నేను కొత్తకోడలిగా ఈ ఇంటికి వచ్చేనాటికి మా సందులో డాబా మీంచి డాబా మీదికి నల్లటి తీగలు, వాటి మీద కాకులు. ఛానల్ అంటే అంకె. ఏ అంకెలో ఏ ఛానల్ పెట్టాలో కేబుల్ అబ్బాయి ఇష్టం. అంకెలు మారినప్పుడల్లా అత్తయ్యగారు క్యాలెండర్ వెనక రాసుకునేవారు. సీరియళ్ల టైములు పేపర్లో ఓ మూల పడేవి. ఈనాడు పుట్టింది మా ఊళ్లోనే, 1974 ఆగస్టు 10న (ఇది చెప్పుకోకపోతే వైజాగ్ వాళ్లకి తోచదు). కేబుల్ వాళ్ల సొంత ఛానల్లో రాత్రికి ఏ సినిమా వేస్తారో అడుగున తెలుగు అక్షరాలు పాకుతూ పోయేవి. మధ్యలో చీరల దుకాణం ప్రకటన. అన్నీ తప్పుల తడకే, కానీ తెలుగు. ఆవిడ చదువుకునేవారు, నన్ను అడగలేదు.

తిరకాసు మొదలైంది పెట్టెతో. కేబుల్ అంతా డిజిటల్ చెయ్యాలని 2011లో చట్టం మార్చారు. మొదటి విడతలో నాలుగు మహానగరాలు. రెండో విడతలో 38 ఊళ్లు, వాటిలో హైదరాబాదు, విశాఖ ఉన్నాయి. గడువు 2013 మార్చి 31. బొమ్మ అద్దంలా వచ్చిందని అందరం సంతోషించాం, నేనూ సంతోషించాను. ఎక్కువ ఛానళ్లు, స్పష్టమైన బొమ్మ, లెక్క ప్రకారం బిల్లు. నొక్కగానే కార్యక్రమాల పట్టిక కూడా వస్తుందన్నారు.

ఈ తెరమీది పట్టిక 1981 ప్రాంతంలో అమెరికా కేబుల్లో పుట్టింది. పేర్లు కిందనుంచి పైకి పాకుతూ పోయేవి, మనకి కావలసింది దాటిపోతే మళ్లీ చుట్టు తిరిగి వచ్చేదాకా కూర్చోవాలి. ఇప్పుడు పాకదు గానీ పెట్టె కడుపులో దానికదే పుట్టేదీ కాదు. ఛానల్ వాళ్లు తమ కార్యక్రమాల వివరాలు పంపాలి. కేబుల్ వాళ్లు వాటిని బొమ్మతోపాటు అదే తీగలో మళ్లీ మళ్లీ తిప్పుతూ పంపుతారు. పెట్టె వాటిని ఏరుకుని వరుసలో పేర్చుకుంటుంది. వీళ్లలో ఎవరు బద్ధకించినా పట్టిక అబద్ధం చెబుతుంది. ఆఖరి నిమిషంలో పెట్టిన ప్రత్యక్ష ప్రసారం అందులోకి ఎక్కదు. కరెంటు పోయి వచ్చిందంటే చాలాసేపు గళ్లన్నీ ఖాళీ. మా మార్కెట్లో కరెంటు సంగతి చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక అయితే గళ్లు కాదు, టీవీయే నల్లగా కూర్చుంది. అప్పుడు మాత్రం దాన్ని ఎవరూ తిట్టుకోలేదు, మంచినీళ్ల గొడవలో ఉన్నాం.

ఇక భాష. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరంలా పక్కపక్కన పేరిస్తే సరిపోదు. గుణింతం పైన, ఒత్తు కింద సరిగ్గా అతకాలి. ఆ అతికే పని పెట్టెకి నేర్పాలి, పంపేవాళ్లూ తెలుగులో పంపాలి. మా ఇంట్లో పెట్టెకి ఎవరూ నేర్పలేదు. తెలుగు సీరియల్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, గడిలో పట్టక సగంలో నరికేస్తే నాకే ఏ సీరియలో అర్థం కాదు, ఆవిడకేం అవుతుంది!

2017లో ట్రాయ్ కొత్త నిబంధనలు పెట్టింది. భక్తి ఛానళ్లన్నీ ఒకచోట, వార్తలన్నీ ఒకచోట, అందులోనూ ఒక భాషవి వరసగా ఉండాలని. ఛానల్‌కి ఇచ్చిన అంకె కనీసం ఏడాది మార్చకూడదని. అవి చదివి నాకు ముచ్చటేసింది, ఎవరో మా ఇంట్లోకి తొంగిచూసి రాసినట్టే ఉన్నాయి. 2019 ఫిబ్రవరి నుంచి ఛానళ్లు మనమే ఎంచుకోవాలన్నారు. మొదటి వంద ఛానళ్లకి 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు, పైన డబ్బు ఛానళ్ల ధర వేరే. ఆ నెల మా సందులో ఆడవాళ్లందరం అరుగుల మీద కాగితాలు పెట్టుకుని టిక్కులే టిక్కులు. అత్తయ్యగారు ఎంచుకున్నవి ఏడు. ఎంచుకునే హక్కు వచ్చింది. ఎంచుకున్న దాంట్లో ఏముందో చదివే వీలు మాత్రం రాలేదు.

ఫోన్లో చూడొచ్చు కదా అంటాడు మా అబ్బాయి. చూడొచ్చు, వాడు. వాణ్ణో నన్నో పిలవాలి కాబట్టి ఆవిడ పిలవడమే తగ్గించేశారు. పెట్టింది చూస్తారు. నేను గమనించనే లేదు, టీవీ మీద ఆసక్తి పోయిందేమో అనుకున్నాను. ఎవరు ఏ ఛానల్ పెట్టి వెళ్తే దాని ముందే కూర్చుంటున్నారని చందనోత్సవం అయ్యాక గానీ నా బుర్రకి తట్టలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఏ ఛానల్ పెడితే అది చూస్తుంటే, ఒకసారి అడిగి చూడండి.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం నేను కూర్చుని, గైడ్, ఛానళ్ల ప్రకటనలు, ఫోను అన్నీ కలిపి చూసి, తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాస్తున్నాను. రోజు, గంట, ఛానల్ అంకె, కార్యక్రమం. టీవీ పక్కన అంటిస్తాను. మొదటివారం రెండు తప్పులు రాశాను. అత్తయ్యగారు పెన్సిల్‌తో కొట్టేసి పక్కన సరైన టైము వేశారు. మూడో వారానికి ఎదురింటి పిన్నిగారు అట్లకాడ చేత్తో పట్టుకునే వచ్చి, ఆ కాగితం తనకీ ఒకటి రాసిపెట్టమని అడిగారు. "కోడలికి టైము లేదు, నేను రాసిస్తాను, ఉండు" అని అత్తయ్యగారు కళ్లజోడు వెతుక్కున్నారు.