రాయి పడ్డాక స్కోరు ఎవరిది?

గ్యాలరీ ఆగ్రహంతో ఆట ఆగిపోతే గెలుపోటములు తేల్చేదెవరు? కోల్‌కతా నుంచి బెల్‌గ్రేడ్ దాకా ఫుట్‌బాల్ పెద్దలను వేధించిన ప్రశ్న ఇది.

2012 డిసెంబర్ 9. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియం. ఐ-లీగ్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడుతున్నాయి. విరామం దగ్గరపడుతుండగా హర్మన్‌జోత్ ఖాబ్రా గోల్ కొట్టాడు. ఈస్ట్ బెంగాల్ 1-0తో ముందుకెళ్లింది. కాసేపటికే రిఫరీతో వాదనకు దిగిన మోహన్ బగాన్ స్ట్రైకర్ ఒడాఫా ఒకోలీకి రెడ్ కార్డు పడింది. స్టాండ్స్ భగ్గుమన్నాయి. మైదానంలోకి రాళ్లు దూసుకొచ్చాయి. వాటిలో ఒకటి మోహన్ బగాన్ ఆటగాడు సయ్యద్ రహీమ్ నబీ ముఖానికి తగిలింది. అతణ్ని ఆస్పత్రికి తరలించారు. ఆట మాత్రం విరామం దాకా సాగింది.

రెండో సగం మొదలు కావాల్సిన వేళకు మోహన్ బగాన్ మైదానంలోకి రాలేదు. మా ఆటగాళ్లకు రక్షణ లేదు, ఆడబోమని చెప్పేసింది. మ్యాచ్ అక్కడితో రద్దయింది. ఈస్ట్ బెంగాల్ 3-0తో గెలిచినట్టు ప్రకటించారు. డిసెంబర్ నెలాఖరుకు పిడుగులాంటి వార్త వచ్చింది. 1889లో పుట్టిన మోహన్ బగాన్‌పై ఐ-లీగ్‌లో రెండేళ్ల నిషేధం! 2013 జనవరిలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మెత్తబడి నిషేధం ఎత్తేసింది. బదులుగా 2 కోట్ల రూపాయల జరిమానా వేసింది, అప్పటిదాకా సంపాదించిన పాయింట్లన్నీ తీసేసింది. సీజన్ నడుమన సున్నా నుంచి మొదలుపెట్టిన ఆ జట్టు కిందామీదా పడి లీగ్‌లో నిలిచింది.

రాయి తగిలింది మోహన్ బగాన్ ఆటగాడికి. శిక్ష పడింది మోహన్ బగాన్‌కు. ఇది న్యాయమేనా?

నగరం మరువని 16 మంది

ఆ భయం కోల్‌కతాకు కొత్త కాదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో ఆటగాళ్ల మధ్య మొదలైన గొడవ గ్యాలరీకి పాకింది. తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. నేటికీ ఏటా ఆ రోజున వారి స్మృతిలో రక్తదాన శిబిరాలు జరుగుతాయి. హైదరాబాద్ నుంచి వెళ్లిన మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ లాంటివారు ఈ రెండు క్లబ్బుల జెర్సీలూ వేసుకుని పేరు తెచ్చుకున్నారు. అక్కడి అభిమానం ఎంతగా నెత్తిన పెట్టుకుంటుందో, తిరగబడితే ఎంత కాల్చేస్తుందో ఆడినవాళ్లకే తెలుసు.

తెలుగువారికి ఇంకా దగ్గరి జ్ఞాపకం 1996 మార్చి 13. అదే ఈడెన్‌లో మన అజారుద్దీన్ సారథ్యంలోని భారత్ క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్ ఆడుతోంది. 252 పరుగుల లక్ష్యానికి 8 వికెట్లకు 120 దగ్గర ఉండగా సీసాలు ఎగిరాయి, స్టాండ్స్‌లో మంటలు లేచాయి. మ్యాచ్ రిఫరీ క్లైవ్ లాయిడ్ శ్రీలంకను విజేతగా ప్రకటించారు.

ఆపేది రిఫరీ, తేల్చేది లీగ్

ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం ప్రేక్షకుల జోక్యం వల్ల ఆటను కాసేపు నిలిపే అధికారం, పూర్తిగా రద్దు చేసే అధికారం రెండూ రిఫరీవే. ఫలితం మాత్రం ఆయన చేతిలో ఉండదు. రద్దయిన మ్యాచ్‌ను మళ్లీ మొదటి నుంచి ఆడించాలన్నది మూలసూత్రం. పోటీ నిర్వాహకుల నియమాలు వేరుగా ఉంటే వాటిదే పైచేయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

1974 మార్చి 9న ఇంగ్లండ్‌లో జరిగింది చూడండి. ఎఫ్ఏ కప్ క్వార్టర్‌ఫైనల్లో న్యూకాజిల్‌పై నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 3-1తో ముందంజలో ఉంది. న్యూకాజిల్‌కు మిగిలింది పది మందే. అప్పుడు ఆ జట్టు అభిమానులు మైదానంలోకి వెల్లువెత్తారు. రిఫరీ రెండు జట్లనూ లోపలికి పంపి, కొద్దిసేపటి తర్వాత ఆట కొనసాగించారు. న్యూకాజిల్ 4-3తో గెలిచేసింది! జనం దూకకపోతే ఈ గెలుపు వచ్చేదా అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎఫ్ఏ ఆ ఫలితాన్ని కొట్టేసి, లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో మళ్లీ ఆడించింది. మొదట డ్రా అయింది, తర్వాత న్యూకాజిల్ 1-0తో నెగ్గి ముందుకు సాగింది. మొదటి తొంభై నిమిషాలూ పూర్తయిన మ్యాచ్‌నే చెల్లదనడం చిన్న నిర్ణయం కాదు.

ఎవరి తప్పో స్పష్టంగా తెలిసినప్పుడు తీర్పు సులువే. 2005 ఏప్రిల్ 12న ఛాంపియన్స్ లీగ్‌లో ఇంటర్ అభిమానులు విసిరిన నిప్పుల గొట్టం ఏసీ మిలాన్ గోల్‌కీపర్ డీడా భుజానికి తగిలింది. రిఫరీ మార్కస్ మెర్క్ మ్యాచ్ రద్దు చేశారు. మిలాన్‌కు 3-0 విజయం దక్కింది. ఇంటర్‌కు 3 లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానాతో పాటు నాలుగు మ్యాచ్‌లు ఖాళీ స్టేడియంలో ఆడాలన్న శిక్ష పడింది.

ఒకే మ్యాచ్, రెండు తీర్పులు

కోల్‌కతా ప్రశ్నకు అచ్చంగా అద్దం పట్టేది మాత్రం 2014 అక్టోబర్ 14 నాటి బెల్‌గ్రేడ్ మ్యాచ్. యూరో అర్హత పోటీలో సెర్బియా, అల్బేనియా ఆడుతున్నాయి. విరామానికి కొద్దిగా ముందు ఒక డ్రోన్ జెండాను మోసుకుంటూ మైదానం మీదికొచ్చింది. సెర్బియా ఆటగాడు స్టెఫాన్ మిత్రోవిచ్ దాన్ని కిందికి లాగాడు. జెండా కోసం అల్బేనియా ఆటగాళ్లు ఎగబడ్డారు. ప్రేక్షకులు లోపలికి చొచ్చుకొచ్చి వారిపై చేయిచేసుకున్నారు. లోపలికి పరుగెత్తిన అల్బేనియా జట్టు మళ్లీ ఆడటానికి ఒప్పుకోలేదు.

ఆడనన్న జట్టే ఓడినట్టని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ తేల్చింది. సెర్బియాకు 3-0 విజయం ఇచ్చింది, భద్రతా లోపాలకు మళ్లీ అదే జట్టుకు 3 పాయింట్లు కోసింది. రెండు దేశాలూ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లాయి. 2015 జులైలో ఆ కోర్టు తీర్పును తలకిందులు చేసింది. ఆటగాళ్లపై దాడి, భద్రతా వైఫల్యం ఆతిథ్య దేశం పూచీ అని చెప్పి అల్బేనియాకు 3-0 విజయం ఇచ్చింది. అల్బేనియా 14 పాయింట్లతో గ్రూపులో రెండో స్థానంలో నిలిచి, తొలిసారి ఒక పెద్ద టోర్నీకి అర్హత సాధించింది. ఆ మూడు పాయింట్లు లేకుంటే 12 పాయింట్లున్న డెన్మార్క్ వెనుక మిగిలిపోయేది.

ఆ కోర్టు చూసింది జట్టు ఎందుకు రాలేదన్న సంగతి. కోల్‌కతాలో శిక్ష వేసినవారు జట్టు రాలేదన్నంతవరకే ఆగిపోయారు. అయితే మోహన్ బగాన్ వాదనను పూర్తిగా ఒప్పుకోవడం కూడా కష్టమే. ఓడుతున్న జట్టు తనంతట తాను నిష్క్రమించే హక్కు ఇస్తే, రేపు ప్రతి ఓటమికీ ఒక సాకు దొరుకుతుంది.

జట్టు నెత్తిన వేయకూడని భారం

దారి చూపింది నెదర్లాండ్స్. 2023 ఏప్రిల్‌లో కప్ సెమీఫైనల్లో అయాక్స్ ఆటగాడు డేవీ క్లాసెన్ తలకు గ్యాలరీ నుంచి విసిరిన లైటర్ తగిలి గాయమైంది. అరగంట ఆగి ఆట కొనసాగించారు. విమర్శలు వెల్లువెత్తడంతో డచ్ సమాఖ్య నిబంధన మార్చింది. విసిరిన వస్తువు ఎవరికైనా తగిలితే మ్యాచ్ అక్కడికక్కడే రద్దు చేయాలంది. ఎవరికీ తగలకపోయినా ఆట ఆపాలని, రెండోసారి జరిగితే రద్దు చేయాలని చెప్పింది.

ఆ సెప్టెంబర్ 24న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెయనూర్డ్ చేతిలో 0-3తో వెనుకబడ్డ అయాక్స్ అభిమానులు నిప్పుల గొట్టాలు విసిరితే రిఫరీ ఆట నిలిపేశారు. మూడు రోజుల తర్వాత, ఆగిన నిమిషం నుంచే, అదే స్కోరుతో, ఖాళీ స్టేడియంలో మిగతా ఆట జరిగింది. 0-4తో ముగిసింది. అల్లరి చేసినవారికి ఒక్క గోల్ కూడా కలిసిరాలేదు.

ఫ్రాన్స్‌ది కూడా అదే అనుభవం. 2021లో మార్సెయ్ ఆటగాడు దిమిత్రి పాయెట్‌కు మూడు నెలల తేడాతో నీస్‌లో, లియాన్‌లో సీసా దెబ్బలు తగిలాయి. రెండు మ్యాచ్‌లూ రద్దయి, ప్రేక్షకులు లేకుండా మళ్లీ జరిగాయి. రెండు ఆతిథ్య క్లబ్బులకూ పాయింట్ల కోత పడింది. లియాన్‌లో నిర్ణయానికి దాదాపు రెండు గంటలు పట్టడంతో, ఇకపై అరగంటలో తేల్చాలని, ఆటగాడు గాయపడితే మ్యాచ్ రద్దేనని ఆ ఏడాది చివర్లో అక్కడి ప్రభుత్వం, లీగ్ కలిసి నిర్ణయించాయి.

మన లీగ్‌లకు కావాల్సింది ఇలాంటి ముందస్తు నిబంధనే. నబీ ముఖానికి రాయి తగిలిన క్షణాన ఆట ఆపడం రిఫరీ విధి అయి ఉంటే, ఆడాలా వద్దా అని తేల్చుకునే భారం మోహన్ బగాన్ డ్రెస్సింగ్ రూమ్‌పై పడేదే కాదు. రెండేళ్ల నిషేధం, రెండు కోట్ల జరిమానా ప్రస్తావనే వచ్చేది కాదు. విచారణ భద్రత కల్పించాల్సినవారి మీద, రాయి విసిరినవారి మీద జరిగేది. మ్యాచ్ ఆపడం ఆటకు అవమానం కాదు. గాయపడ్డ ఆటగాణ్ని ఆస్పత్రికి పంపి, ఏమీ జరగనట్టు విజిల్ ఊదడమే అవమానం.