ఆరు నెలల నుంచి రెండు నెలలకు

ఢిల్లీలోనైనా, హైదరాబాద్‌లోనైనా అద్దె ఇల్లు వెతికేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ‘ఏం చేస్తుంటారు?’ అన్నదే. ఉద్యోగమంటే మాట ముందుకు సాగుతుంది. సొంతంగా కాంట్రాక్టు పనులు చేసుకుంటానంటే, జీతం స్లిప్పు లేదా అన్న మరో ప్రశ్న వస్తుంది. ఒక నెల చేతినిండా డబ్బు, తరువాతి రెండు నెలలు ఎదురుచూపు. ఇలాంటి ఆదాయాన్ని మన అద్దె చట్టాలు ఎప్పుడైనా పట్టించుకున్నాయా?

ఈ సమస్య కొత్తదేమీ కాదు. బొంబాయి జౌళి మిల్లుల ‘బదిలీ’ కార్మికులు పొద్దున్నే గేటు దగ్గర నిలబడేవారు. పర్మినెంటు కార్మికుడు రాకపోతేనే వారికి ఆ రోజు పని, ఆ రోజు కూలి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు, కామాఠీలు కూడా ఆ నగర శ్రామికవర్గంలో భాగమే. కూలి రోజువారీది, గది అద్దె నెలవారీది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అద్దెలు పెరిగిపోవడంతో 1918లో బొంబాయిలో నియంత్రణ చట్టం వచ్చింది. 1947 నాటి చట్టం ప్రామాణిక అద్దెను 1940 సెప్టెంబరు 1 నాటి స్థాయికి ముడివేసింది. ఆ చట్టంపై చర్చ అంతా ఈ అంకె చుట్టూనే తిరిగింది. అందులోని 12వ సెక్షన్‌ను గుర్తుచేసుకున్నవారు తక్కువ. అద్దె మొత్తంపై వివాదం లేని చోట, బకాయి ఆరు నెలలకు చేరి, నోటీసు ఇచ్చిన నెలలోగా కూడా కట్టకపోతేనే కోర్టు తప్పనిసరిగా ఖాళీ చేయించాలని అది చెప్పింది. పని లేని కాలాన్ని దాటడానికి అవసరమైన వ్యవధి అది.

అద్దెను దశాబ్దాల తరబడి స్తంభింపజేయడం మాత్రం పొరపాటే. యజమానులు మరమ్మతులు మానేశారు, ‘పగడీ’ పేరిట చాటు చెల్లింపులు పెరిగాయి. ఆ అద్దె నిబంధనలు కాలక్రమంలో అసమంజసంగా మారాయని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. 1999లో మహారాష్ట్ర కొత్త చట్టం చేసుకుంది. ఢిల్లీలో 1988 సవరణ నెలకు రూ.3,500 దాటిన అద్దెలను రక్షణ పరిధి నుంచి తప్పించింది. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడంతో, పదకొండు నెలల ఒప్పందం దేశమంతటా ఆనవాయితీగా స్థిరపడింది.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. ఇది మేలైన మార్పు. అయితే వరుసగా రెండు నెలల బకాయిపడి, నోటీసు తరువాత నెలలోగా కట్టకపోతే ఖాళీ చేయించేందుకు అది వీలు కల్పించింది. ఆరు నెలలు రెండయ్యాయి. బిల్లు పాసయ్యేదాకా ఆగక తప్పని చిన్న కాంట్రాక్టరుకు ఆ తేడాయే ఇల్లు.

ఈ నమూనా రాష్ట్రాలు తమ శాసనసభల్లో చట్టం చేసుకుంటేనే అమలవుతుంది కాబట్టి, గడువును మార్చుకునే అవకాశం వాటికుంది. అద్దెపైనే బతికే వృద్ధ యజమానిపై ఆ భారమంతా మోపడమూ న్యాయం కాదు. ఎక్కువ గడువు, దానికి తగిన వడ్డీ, ప్రభుత్వ హామీ నిధి: ఈ మూడూ కలిపి ఆలోచించాలి. గిగ్ కార్మికుడిని 2020 సామాజిక భద్రతా కోడ్ గుర్తించింది. అద్దె చట్టం మాత్రం ఇంకా ఒకటో తారీఖు జీతగాడినే చూస్తోంది.