కుంపిణీ కొలువులో కుర్రవాళ్లు

కొత్తగా ఉద్యోగాలలో చేరే యువతకు పని మీద శ్రద్ధ లేదనీ, ధ్యాసంతా జీతం మీదే అనీ పెద్దలు వాపోవడం మనకు కొత్త కాదు. నాకంటే పాతికేళ్లు చిన్నవాళ్లతో కలిసి పనిచేస్తున్నాను కనుక ఈ మాట నా చెవిన తరచూ పడుతూనే ఉంటుంది. చరిత్ర తిరగేస్తే ఇది రెండు వందల ఏళ్ల నాటి ఫిర్యాదని తెలుస్తుంది. అప్పుడు వాపోయినవారు ఈస్టిండియా కంపెనీ దొరలు.

కంపెనీ కొలువుకు ఇంగ్లండు నుంచి వచ్చే 'రైటర్లు' చాలామంది ఇరవై ఏళ్లైనా నిండని కుర్రవాళ్లు. ఇక్కడి భాష రాదు, మందలించే ఇంటివారు లేరు. వారి సోమరితనం, దుబారా చూసి దిగులుపడిన గవర్నర్ జనరల్ వెల్లస్లీ 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాలను స్థాపించాడు. మద్రాసులో ఎల్లిస్ దొర చొరవతో 1812లో సెంట్ జార్జి కోట కళాశాల వెలసింది. అక్కడ దేశభాషల పరీక్షలలో నెగ్గినవారికి భత్యం పెంచేవారు.

భత్యం మనిషిని పరీక్ష గట్టెక్కించగలదు. ఆ తరువాత పుస్తకం మూయకుండా చేసేది మరేదో ఉండాలి. దాని జాడ నాకు ముగ్గురు అధికారుల కథలో కనిపించింది.

1792లో టిప్పు సుల్తాను నుంచి బారామహల్ కంపెనీ వశమైంది. దేశభాషలు తెలిసిన సివిలు ఉద్యోగులు కరువై, కారన్‌వాలీసు ఆ పాలనను సైనికాధికారి అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించాడు. రీడ్ సహాయకులలో థామస్ మన్రో ఒకడు. శిస్తు ఎలా కట్టాలన్న విషయంలో రీడ్ తన సహాయకుల అభిప్రాయాలను లిఖితపూర్వకంగా అడిగేవాడు. మన్రో తన పైవాడితో విభేదిస్తూ సుదీర్ఘంగా రాసేవాడు. విభేదించినందుకు అతని ఎదుగుదల ఆగలేదు. రైత్వారీ విధానం ఆ ఉత్తరప్రత్యుత్తరాలలోనే రూపు దిద్దుకొంది.

అదే మన్రో 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. తన సహాయకులకు తలా ఒక ప్రాంతాన్ని అప్పగించి పని చేయించాడు. తాను పొందినదానినే తన కిందివారికి ఇచ్చాడన్నమాట.

1820లో మద్రాసు గవర్నరయ్యేనాటికి మన్రో వయస్సు యాభై తొమ్మిది. ఆ యేడు కళాశాల చదువు ముగించుకొని వెళ్లే విద్యార్థులను ఉద్దేశించి ఆయన ప్రసంగించాడు. జనం భాష రానివాడు జనాన్ని పాలించలేడన్నది ఆ ప్రసంగ సారం. విన్నవారిలో ఇరవై ఒక్క యేళ్ల చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉన్నాడు. పరీక్ష కోసం నేర్చిన తెలుగు అతనికి జీవిత వ్రతమైంది. కడపలో కొలువు, 1829లో వేమన పద్యాల ప్రచురణ, సొంత ఖర్చుతో పండితులను పోషించి తాళపత్రాల పరిష్కరణ, 1852లో నిఘంటువు - తరువాతి కథ తెలుగువారికి తెలిసిందే.

ఈ కథలో చెప్పక తప్పని మరో ముఖం కూడా ఉంది. బ్రౌనుకు తెలుగు నేర్పినవారు వెలగపూడి కోదండరామ పంతులు. దొరబిడ్డకు గురువైనా, ఆ కొలువులో పండితుడు ఎన్నటికీ ఆ దొరబిడ్డకు కిందివాడే. యువకుల శిక్షణకు కంపెనీ అంత ఆలోచన, అంత ధనం వెచ్చించింది గానీ, ఈ నేలమీద పుట్టిన యువకునికి ఆ మెట్లెక్కే దారినే మూసి ఉంచింది. అభిప్రాయం అడిగించుకొనే భాగ్యం ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో గుర్తుంచుకోకుండా రీడ్, మన్రోలను పొగడడం నాకు సమ్మతం కాదు.

అయినా వారి నుంచి నేర్వదగినది లేకపోలేదు. భత్యం పెంచడం ఏ యజమానికైనా తెలిసిన పనే. చిన్నవాని ఎదుటి అభిప్రాయాన్ని కాగితం మీద అడిగి తీసుకోవడం, వానికంటూ ఒక పొలిమేర అప్పగించడం, చేసే పని ఎవరి కోసమో విప్పి చెప్పడం - ఈ మూడూ కరువైన చోట యువతకు శ్రద్ధ లేదని వాపోయే హక్కు పెద్దలకు ఉందా అన్నది నా సందేహం.