పైరుకూ పశువుకూ నడుమ ఒక ఒప్పందం

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను పెద్ద జంక్షన్ చేసింది. రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. సదర్ బజార్‌లో పండగ సరుకులు కొనుక్కునే పట్నవాసులకు వానాకాలమంటే బురద, రైళ్ల ఆలస్యం. ఊరు దాటితే మాత్రం పల్లె బతుకు ఏడాది పొడవునా ఎలా సాగేదీ ఆ నాలుగు నెలల్లోనే తేలిపోతుంది. అక్కడి వానాకాలపు పండగలను మనం మొక్కులుగా, వేడుకలుగా మాత్రమే చూస్తున్నాం. కానీ అవి పైరుకూ పశువుకూ నడుమ ఊరంతా కలిసి చేసుకున్న ఒప్పందంలోని గడువులు కూడా.

వెదజల్లిన వరి నెల దాటి ఎదిగాక, మడిలో నీరు నిలిచినప్పుడు పైరు మీదే నాగలి తోలడాన్ని ఛత్తీస్‌గఢ్ రైతులు 'బియాసీ' అంటారు. దానితో కలుపు అణుగుతుంది, ఒత్తుగా మొలిచిన పైరు పలచబడుతుంది. ఆ కొద్ది రోజుల్లో ఎద్దు జబ్బుపడితే పంట దెబ్బతింటుంది. అందుకే మన తెలుగు లెక్కలో ఆషాఢ బహుళ అమావాస్యకు వచ్చే హరేలీనాడు నాగలి, పార కడిగి పూజించడంతో పాటు పశువులకు ఉప్పు, పిండిముద్దలు, మూలికలు తినిపిస్తారు. గుమ్మాలకు వేపరెమ్మలు కడతారు. పిల్లలు 'గేడీ' అనే వెదురు కాళ్ల మీద బురద దాటుతారు. తర్వాతి అమావాస్య 'పోలా'. ఆనాడు ఎద్దులకు విశ్రాంతి, అలంకారం; పిల్లలకు మట్టి ఎద్దులు. మన పోలాల అమావాస్య కూడా అదే రోజు.

వీటన్నిటికీ ముందే, విత్తనాల వేళ, పశువులను చేల మీదికి విడిచిపెట్టకూడదని ఊరు కూర్చుని తీర్మానించుకుంటుంది. దాని పేరు 'రోకా-ఛేకా'. ఊరి మందను రావుత్ కులపు కాపరి తోలుకెళ్తాడు. అతని కూలి ధాన్యంగా ముట్టేది. మందలనూ పైరునూ వేరుగా ఉంచడమనే ఈ చిక్కే దక్షిణ సూడాన్‌లోని డింకా తెగవాళ్లదీ. వానల్లో వాళ్లు మెరక మీది ఊళ్లలో ఉండి జొన్న పండిస్తారు. ఎండాకాలం మందలను నదీతీరపు పచ్చికకు తోలుకెళ్తారు. పశువుతోనూ పంటతోనూ బతికే మనుషులు రెంటినీ ఎక్కడో ఒకచోట వేరుచేయక తప్పదు. అక్కడ ఆ పని చాలావరకు దూరం చేస్తుంది, ఇక్కడ మాట చేస్తుంది.

ట్రాక్టర్లు వచ్చాక ఈ కట్టుబాటుకు కాలం చెల్లిందని కొందరంటారు. అది సగం నిజం. ఎద్దు పని తగ్గింది. దానితోపాటే ఎవరికీ పట్టని పశువులు రోడ్ల మీదికీ చేలలోకీ వచ్చాయి. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'రోకా-ఛేకా' పేరుతోనే కార్యక్రమం చేపట్టాల్సి వచ్చిందంటే ఆ పాత మాట అవసరం తీరలేదన్నమాట. ఆ ఏర్పాటు కులాల మెట్ల మీద నిలిచిందన్న అభ్యంతరం మరింత బరువైనది. కాపరి పని పుట్టుకతో అంటగట్టినది. అతని కూలి ఇతరుల దయ మీద ఆధారపడేది. ఆ అన్యాయాన్ని వదిలేయాలి. ఉమ్మడి బాధ్యతను మాత్రం నిలుపుకోవాలి, కాపరికి న్యాయమైన జీతమిచ్చి మరీ నిలుపుకోవాలి. హరేలీకి 2019 నుంచి ప్రభుత్వ సెలవు ఉంది. సెలవుతో పండగ బతుకుతుంది; ఒప్పందం బతకాలంటే మాత్రం ప్రతి ఏటా తొలకరికి ముందు ఊరంతా ఒకచోట కూర్చోవాలి.