నందిగామ బ్యాటరీ కర్మాగారము

గణకయంత్ర మెంత నేర్పరియైనను విద్యుత్తు క్షణమాగిన నిశ్చేష్టమగును. అప్పుడు దానిని నిలుపునది బ్యాటరీయే. ఇట్టి బ్యాటరీలను చేయు హైదరాబాదు సంస్థ హెచ్.బి.ఎల్. 1977లో ఆరంభమైనది. విదేశములనుండి తెప్పించుకొనుచుండిన విమాన బ్యాటరీలను స్వదేశముననే నిర్మించుట దాని తొలి సంకల్పము. అది నెరవేరిన పిదప రైళ్లకును, టెలిఫోను కేంద్రములకును, గణకయంత్రశాలలకును వలయు బ్యాటరీలనుగూడ చేసెను. కొనువారు చేయువారగుటకు విద్యయే మూలము.

ఈ సంస్థ కర్మాగారమొకటి పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలోని నందిగామయందు, మన కొత్తకోటమీదుగా పోవు రాజమార్గమునకు చేరువనే కలదు. పాలమూరు కూలీలు పొట్టచేతబట్టుకొని వలసపోయిన చరిత్ర మనమెరుగనిది కాదు. ఇకమీదట మన బాలబాలికలు మట్టి మోయుటకుగాక యంత్రవిద్య నేర్చుటకై ఆ మార్గమున పోవుదురుగాక! అందులకు దాతలు విద్యార్థివేతననిధికి చేయూత నొసగ ప్రార్థితులు.