వాదం, వివాదం, విద్య: గనుల సీమ నేర్పే పౌరధర్మం

వేదవిద్యకు ప్రసిద్ధమైన మంథనికి చేరువలో సెంటినరీ కాలనీ ఉన్నది. 1889లో ఇల్లెందులో ఆరంభమైన సింగరేణి బొగ్గు ఉత్పత్తికి నూరేండ్లు నిండిన స్మృతి దాని పేరులోనే నిలిచి ఉన్నది. ఒకవైపు శ్రుతి పరంపర, మరొకవైపు శ్రమ పరంపర. ఈ రెంటి నడుమ పెరిగే విద్యార్థికి కలహాన్ని శాంతియుతంగా పరిష్కరించుకొనే విద్యను ఎట్లా బోధించాలి?

గనుల చరిత్రలోనే ఒక సమాధానం లభిస్తుంది. 1990వ దశకంలో సింగరేణిలో కార్మిక సంఘాలు అనేకం, సమ్మెలు తరచు. సమ్మె సాగితే గనిలో ఉత్పత్తి, ఇంటిలో జీతం రెండూ ఆగేవి. 1998లో రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలైనాయి. వాటితో విభేదాలు అంతరించలేదు. కార్మికుల పక్షాన మాట్లాడేది ఎవరో కార్మికులే నిర్ణయించే మార్గం ఏర్పడింది. విభేదాన్ని నియమబద్ధం చేయడమే పౌరధర్మానికి మొదటి మెట్టు.

రెండవ మెట్టును న్యాయదర్శనం చూపుతుంది. గౌతమ మహర్షి చర్చను మూడు విధాలుగా విభజించాడు. సత్యనిర్ణయం కోసం సాగేది వాదం. గెలుపే లక్ష్యమైనది జల్పం. తన పక్షమేదో స్థాపించక పరపక్షాన్ని ఖండించడమే వితండ. అందుకే శాస్త్రకారులు సిద్ధాంతానికి ముందు పూర్వపక్షాన్ని నిలిపారు.

ఈ క్రమం తరగతి గదిలోనూ సాధ్యమే. ఇద్దరు బాలురు ఆటస్థలంలో గొడవపడినపుడు ఉపాధ్యాయుడు తీర్పు చెప్పడు. ప్రతివాడూ ముందు ఎదుటివాని బాధను చెప్పాలి. ఎదుటివాడు "అవును, నా మాట ఇదే" అన్న తరువాతనే తన మాట చెప్పుకోవాలి. కోపం సగం అక్కడే శమిస్తుంది. 2005 జాతీయ విద్యా ప్రణాళికా చట్రం శాంతి విద్యకు ప్రత్యేక స్థానం ఇచ్చిన ఆంతర్యం కూడా ఇటువంటి అభ్యాసమే.

అయితే శాంతి అంటే నోరు మూసుకొని సహించడం కాదు. పిల్లల తగవులను విచారించే గురువు తన నిర్ణయాన్ని ప్రశ్నించనివ్వకపోతే, అక్కడ నేర్పేది పౌరధర్మం కాదు, భయం. కఠోపనిషత్తులో నచికేతుడు తండ్రి చేస్తున్న దానంలోని లోపాన్ని గుర్తించి, ఆయననే ప్రశ్నించాడు. ఆ ప్రశ్న తండ్రికి ఆగ్రహం తెప్పించింది. యముడు మూడు వరాలు ఇస్తానన్నపుడు ఆ బాలుడు మొదట కోరినది ఆత్మజ్ఞానం కాదు, తండ్రి మనసు శాంతించడం.

ప్రశ్నను విడువలేదు, బంధాన్నీ విడువలేదు. బ్రహ్మవిద్యకే అది తొలి సోపానమైనపుడు, బడిలో దానికి చోటు లేకుండా ఎట్లా ఉంటుంది?